భోగిమంటల వేళ నూరుమందికి భోజనము: ఆయుర్వేద ప్రణాళిక

ధనుర్మాసము ముగియు దినమున, తెల్లవారకముందే వీధి కూడళ్లలో భోగిమంటలు వేయుట తెలుగువారి ఆచారము. సాధారణముగా ఇది జనవరి 13 లేక 14వ తేదీన వచ్చును. కృష్ణాజిల్లా మెట్ట భాగముగా మనమెరిగిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినను మునేరు, పాలేరు పరిసర గ్రామములలో భోగి తెల్లవారుజామున వణికించు చలి మారలేదు; మంట చుట్టూ చేరు జనమును మారలేదు.

పూర్వము మంట వీధిలోనిది, వంట ఇంటిలోనిది. మంట కాగుకొని, ఆ సెగపై కాగిన నీటితో తలంట్లు పోసుకొని, ఎవరి యింట వారు భుజించెడివారు. ఇప్పుడు పేటలలో, కాలనీలలో, అపార్టుమెంట్ల ఆవరణలలో నలుబది, ఏబది కుటుంబములు కలిసి మంట వేసి, అక్కడనే అందరికీ ఉపాహారము ఏర్పాటు చేసికొనుట కనబడుచున్నది. ఇది శుభపరిణామమే. ఒకే పందిరి క్రింద పసిబిడ్డ మొదలు ఎనుబదియేండ్ల తాతగారి వరకు కలిసి కూర్చుండు అవకాశము నేడు ఎక్కువగా దొరకదు.

అయితే నలుగురికి వండుట వేరు, నూరుమందికి వండుట వేరు. వేకువనే అందవలెనని ముందురాత్రియే వండి మూతపెట్టిన అన్నము, పులుసు పండుగనాడు వాంతులు, విరేచనములు తెచ్చిపెట్టగలవు. మంటకు కట్టెలు సేకరించుటలో చూపు శ్రద్ధలో సగమైనను వంట ప్రణాళికపై చూపినచో ఈ ప్రమాదము తప్పును. ఆ ప్రణాళికను ఆయుర్వేద సూత్రముల ననుసరించి ఎట్లు వేసికొనవలెనో ఈ వ్యాసమున తెలిసికొందము.

చలి – జఠరాగ్ని

చరకసంహిత సూత్రస్థానమున ఆరవది తస్యాశితీయాధ్యాయము. ఏ ఋతువున ఎట్టి ఆహారవిహారములు తగునో అందు వివరింపబడినది. హేమంతమున చలిగాలి తాకిడికి శరీరములోని వేడి వెలుపలికి పోక లోపలనే నిలుచును. అందుచేత బలవంతుల జఠరాగ్ని ప్రబలమగును. అది గురువైన ఆహారమును సైతము జీర్ణము చేయగలదు. తగిన ఇంధనము దొరకనిచో ఆ అగ్ని శరీరమందలి రసధాతువునే హరించును, వాతము ప్రకోపించును. కనుక ఈ కాలమున స్నిగ్ధమైన, పులుపు ఉప్పు కలిగిన ఉష్ణాహారము హితమని శాస్త్రము. తరువాత వచ్చు శిశిరమునను ఇంచుమించు ఇదే చర్య; చలి, రూక్షత మరికొంత అధికము.

నెయ్యి ఓడు పొంగలి, నువ్వులద్దిన అరిసె, చింతపండు పులుసుతో గుమ్మడికాయ దప్పళము – మన పెద్దలు సంక్రాంతి దినములకు నిర్ణయించిన పదార్థములన్నియు ఈ సూత్రమునకు లోబడియే ఉన్నవి. కాని ‘బలవంతులకు’ అను మాటను మరువరాదు. అగ్ని అందరికీ ఒక్కతీరున ఉండదు. వృద్ధులు, రోగులు, పసివారు పండుగ పేరిట బలవంతులతో సమానముగా తినరాదు.

ఎనిమిది విషయములు

చరకసంహితయందే విమానస్థానము మొదటి అధ్యాయమున ఆహారము హితమగుటకో, అహితమగుటకో కారణమైన ఎనిమిది విషయములు చెప్పబడినవి. అవి: ప్రకృతి (ద్రవ్యముయొక్క సహజగుణము), కరణము (వండు విధము), సంయోగము (కలయిక), రాశి (పరిమాణము), దేశము (ప్రాంతము), కాలము, ఉపయోగసంస్థ (భుజించు నియమములు), ఉపయోక్త (తినువాడు). సామూహిక భోజనమునకు ఇంతకంటె మంచి పట్టిక మరొకటి లేదు. ఒక కాగితముపై ఈ ఎనిమిదింటిని వరుసగా వ్రాసి, ఒక్కొక్కదాని యెదుట మన నిర్ణయమును వ్రాసికొన్నచో ప్రణాళిక పూర్తియగును. చరకుడు చివర చెప్పిన ఉపయోక్తతోనే మనము ఆరంభింతము. తినువారెవరో తెలియనిదే ఏమి వండవలెనో తెలియదు.

1. ఉపయోక్త – తినువారెవరు?

వారము దినములు ముందుగా ఇంటింటికి వెళ్లి ఎంతమంది వత్తురో వ్రాసికొనవలెను. పదియేండ్ల లోపు పిల్లలను ఇద్దరిని ఒక్కరుగా లెక్కింపవచ్చును. అదే కాగితముపై మధుమేహము, రక్తపోటు, ఉబ్బసము, అమ్లపిత్తము (కడుపులో మంట) ఉన్నవారిని, గర్భిణులను, ఏడాది లోపు బిడ్డలను గుర్తింపవలెను. నువ్వులు, వేరుసెనగ, జీడిపప్పు పడనివారు ఉన్నచో ఆ సంగతి వంటవానికి ముందే చెప్పవలెను.

మధుమేహముగలవారి విషయమున రెండు హెచ్చరికలు. బెల్లము చక్కెరకంటె మంచిదని, ఎంత తిన్నను దోషములేదని కొందరు భావించుచున్నారు. ఇది పొరపాటు. బెల్లమును రక్తములోని చక్కెరను పెంచును. రెండవది అంతకంటె ముఖ్యము. అలవాటు చొప్పున వేకువనే మాత్ర వేసికొని, లేక ఇన్సులిన్ తీసికొని మంటవద్దకు వచ్చి, భోజనము ఏడున్నర దాటువరకు వేచియున్నచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. భోజనమునకు ముందు వేసికొనవలసిన మందును ఆనాడు ఎప్పుడు తీసికొనవలెనో తమ వైద్యుని ముందే అడిగి తెలిసికొనవలెను. వీరిని మొదటి పంక్తిలోనే కూర్చుండబెట్టవలెను. చెమట, వణుకు, తలతిరుగుట కనబడినచో, స్పృహయున్నంతవరకు, వెంటనే రెండు మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి త్రాగింపవలెను.

2. దేశము – ఈ నేల, ఈ స్థలము

ఆయుర్వేదము నేలను జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు తెరగులుగా విభజించినది. కాలువలు, వరిచేలు నిండిన డెల్టా ఆనూపలక్షణము కలది. అక్కడ కఫము ప్రధానము. చెరకలు, గుట్టలు, మామిడితోటలు, మిరప, ప్రత్తి, కంది, పెసర పండు మన మెట్టలో జాంగలలక్షణము హెచ్చు. ఇక్కడి పొడిచలి వాతమును పెంచును. పెదవులు పగులుట, కీళ్లు పట్టుట, మలబద్ధము ఈ కాలమున ఇక్కడ సామాన్యముగా కనబడును. కావున ఈ ప్రాంతమున భోగినాటి ఆహారమున నెయ్యి, నువ్వులనూనె, వేడి పులుసు తప్పక ఉండవలెను. ఎండురొట్టెలు, వేపుళ్లు, చల్లారిన పిండివంటలు మాత్రమే పెట్టుట సరికాదు.

ఇక స్థలము. భోగిమంటపై వంట చేయరాదు. ఆ మంటలో పాత తలుపులు, రంగువేసిన చెక్కలు, విరిగిన మంచములు పడుచుండును. కొందరు టైర్లు, ప్లాస్టిక్ కూడ వేయుచున్నారు. ఆ పొగ ఊపిరితిత్తులకు విషము. ఆ బూడిదలో కాల్చిన దుంప కడుపునకు విషము. భోగిమంటకు ఎండుకట్టెలు, ఆవుపిడకలు చాలును. వంటపొయ్యి మంటకు ముప్పది, నలుబది అడుగుల దూరమున, గాలి వచ్చు దిక్కున ఉండవలెను. ఉబ్బసముగలవారు, గర్భిణులు, పసిబిడ్డలు కూడ ఆ దిక్కుననే కూర్చుండవలెను. ఉబ్బసరోగి తన పీల్చుమందును చేతిలో ఉంచుకొనవలెను.

మన ప్రాంతమున ప్రత్తికట్టె, మిరపకట్టె సులభముగా దొరకును. ఇవి పురుగుమందులు పలుమారులు చల్లిన పైర్ల మోళ్లు. మిరపకట్టె పొగ కోరగా ఉండి దగ్గు తెప్పించును. వంటపొయ్యికి, దుంపలు కాల్చుటకు ఈ రెంటినీ వాడరాదు. గన్నేరు కొమ్మను పొయ్యిలో పెట్టరాదు. దానిని పుల్లగా చెక్కి దుంపలు గ్రుచ్చుటకో, గుండిగ కలియబెట్టుటకో అసలే వాడరాదు. గన్నేరు సర్వాంగములును విషమే.

నీటి విషయమున ఉపేక్ష పనికిరాదు. మునేరు, పాలేరు, సాగరుకాలువ నీరు చూచుటకు తేటగా ఉన్నను అట్లే త్రాగుటకు తగదు. త్రాగుటకు మనిషికి అరలీటరు చొప్పున నూరుమందికి 50 లీటర్లు ముందునాడు సాయంత్రమే సలసల మరిగించి, మూతగల గంగాళములో ఉంచవలెను. పైనుండి ముంచుటకు పొడుగు పిడిగల గరిటె పెట్టవలెను. చేతిలోని గ్లాసును ముంచనీయరాదు.

3. ప్రకృతి – ఏ పదార్థములు?

వంటకములు ఎన్ని తక్కువయైన అంత క్షేమము. ఆరు చాలును: ఒక పానీయము, ఒక అన్నము, ఒక పులుసు, కాల్చిన దుంప, ఒక తీపి, చివర మజ్జిగ.

శొంఠి కషాయము: వేకువ చలిలో ఖాళీ కడుపుతో వచ్చినవారికి మొదట ఇది. శొంఠి, మిరియాలు అగ్నిని దీపింపజేయును. ధనియాలు వాటి తీక్ష్ణతను తగ్గించును.

కట్టె పొంగలి: పెసరపప్పు పప్పులన్నింటిలో లఘువైనది. బియ్యముతో కలిసి, నేతితో స్నిగ్ధమై, మిరియము, అల్లము, జీలకర్రలతో సులభముగా జీర్ణమగును. ఇందు పచ్చిమిర్చి వేయనక్కరలేదు. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా మనకు వచ్చినది; చరకసుశ్రుతులు ఎరిగిన కారము మిరియమే. మిరప పండించు ప్రాంతమువారమైనను భోగి పొంగలికి మిరియమే తగినది.

గుమ్మడికాయ దప్పళము: గుమ్మడి, చిలగడదుంప, సొరకాయ, వంకాయ, ములక్కాడలతో చేసిన పులుసు. చిక్కదనమునకు నువ్వులపొడి. పులుపు, ఉప్పు, తీపి మూడును వాతమును శమింపజేయును.

కాల్చిన చిలగడదుంపలు, తేగలు: ఈ కాలమున దొరకు సొంపైన పదార్థములు. పీచు కలవి. మంటవద్ద పిల్లలకు ఇవే ఆకర్షణ.

నువ్వుల అరిసె: మనిషికి ఒకటి. అరిసె గురుద్రవ్యము, రెండవది అడిగినవారికి ఇంటికి పొట్లము కట్టి ఇచ్చుట మేలు.

అల్లము మజ్జిగ: ఎండ వచ్చిన తరువాత, భోజనము చివర.

4. సంయోగము – కలియరాని కలయికలు

కషాయము తీపికై తేనె వాడుట కొందరి అలవాటు. వేడి పదార్థములో తేనె కలుపుట ఆయుర్వేదమున నిషిద్ధము, బెల్లమే వాడవలెను. తేనె, నెయ్యి సమభాగములుగా కలుపుటయు విరుద్ధము. ఏడాది నిండని బిడ్డకు తేనె ఏ రూపమునను నాకింపరాదని ఆధునిక వైద్యమును చెప్పుచున్నది. పాలు, పులుపు కలయిక విరుద్ధమగుటచే, దప్పళము ఉన్న విస్తరిలో పాయసము పెట్టకుండుట మంచిది. పెరుగును రాత్రివేళ తినరాదని, వేడి చేయరాదని శాస్త్రము. హేమంత, శిశిరములందు పగటివేళ పెరుగు, మజ్జిగలకు దోషములేదు.

5. రాశి – నూరుమందికి కొలతలు

క్రింది కొలతలు నూరుగురు పెద్దలకు సరిపోవును. ఏబదిమందికి సగము, రెండువందలకు రెట్టింపు చేసికొనవలెను.

కషాయము: నీరు 12 లీటర్లు, శొంఠి 60 గ్రాములు, మిరియాలు 20 గ్రాములు, ధనియాలు 100 గ్రాములు, తులసి ఆకులు రెండు గుప్పిళ్లు, బెల్లము 750 గ్రాములు. పది లీటర్లకు మరిగించి వడకట్టవలెను. మనిషికి 100 మిల్లీలీటర్లు వచ్చును. బెల్లము వేయకముందే మధుమేహులకు ఒక లీటరు తీసి వేరుగా ఉంచవలెను. కడుపుమంట కలవారు సగము గ్లాసుతో ఆగవలెను.

పొంగలి: బియ్యము 5 కిలోలు, పెసరపప్పు 2½ కిలోలు, నెయ్యి 1 కిలో, మిరియాలు 75 గ్రాములు, జీలకర్ర 100 గ్రాములు, అల్లము 250 గ్రాములు, జీడిపప్పు 250 గ్రాములు, ఇంగువ 10 గ్రాములు, ఉప్పు 250 గ్రాములు, కరివేపాకు. బియ్యము, పప్పు కలిపి కొలిచిన గిన్నెతో నాలుగింతలు నీరు పోయవలెను. జీడిపప్పు పడనివారున్నచో అది లేకుండ చేయవచ్చును. రుచికి లోటు రాదు.

దప్పళము: గుమ్మడికాయ 4 కిలోలు, చిలగడదుంపలు 2 కిలోలు, సొరకాయ 2 కిలోలు, వంకాయలు 1 కిలో, ములక్కాడలు 1 కిలో, చింతపండు 600 గ్రాములు, బెల్లము 300 గ్రాములు, నువ్వులపొడి 300 గ్రాములు, ఉప్పు 200 గ్రాములు, తగినంత ధనియాలపొడి, పసుపు, పోపు. సుమారు 15 లీటర్లు కావలెను.

కాల్చుటకు చిలగడదుంపలు: 12 కిలోలు. అరచేతిలో ఇముడు మధ్యరకము దుంపలే ఎన్నుకొనవలెను. పెద్దవి పైన మాడి లోపల పచ్చిగా ఉండును.

అరిసెలు: 110. కిలో బియ్యమునకు పరిమాణమును బట్టి 35, 40 వరకు వచ్చును. కనుక 3 కిలోల బియ్యము చాలును.

మజ్జిగ: పెరుగు 4 కిలోలు, మరిగించి చల్లార్చిన నీరు 12 లీటర్లు, అల్లము, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు. ఈ నీరు త్రాగునీటి 50 లీటర్లకు అదనము.

మధుమేహులు పదిమంది ఉన్నచో వారికి బియ్యము, పెసరపప్పు సమానముగా కలిపి చిన్నగిన్నెలో వేరుగా పొంగలి చేయవలెను. వారి విస్తరిలో పొంగలి తక్కువ, దప్పళములోని సొర, వంకాయ, ములక్కాడ ముక్కలు ఎక్కువ ఉండవలెను. దుంప, అరిసె వారు మానుట మంచిది. రక్తపోటు కలవారికి అప్పడములు, ఊరగాయలు వడ్డింపరాదు.

6. కరణము – వండు విధము

గాడిపొయ్యి త్రవ్వినచో ఒకే నిప్పుపై రెండు మూడు గుండిగలు పెట్టవచ్చును. కట్టెయు ఆదా యగును. పొంగలిని ఒకే పెద్ద గుండిగలో వండరాదు. ముప్పది లీటర్ల గుండిగలు రెండు తీసికొని సగము సగము వండవలెను. మొదటి గుండిగ దింపిన అరగంటకు రెండవది దింపునట్లు చూచుకొన్నచో రెండు పంక్తులకును వేడివేడి పొంగలి అందును. అడుగంటు భయమును తగ్గును.

ముందురాత్రి అన్నము ఎందుకు వండరాదో తెలిసికొనవలెను. బియ్యమునందు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు సహజముగా ఉండవచ్చును. ఉడికించినను ఇవి పూర్తిగా నశింపవు. పెద్ద గుండిగలోని అన్నము గంటల తరబడి మెల్లగా చల్లారుచుండగా అవి మొలకెత్తి, వృద్ధిపొంది, విషపదార్థమును పుట్టించును. మరునాడు మరల వేడిచేసినను ఆ విషము నశింపదు. పెద్దపాత్రలలోని పప్పు, పులుసు, మాంసపు వంటకములలో క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అను మరొక జీవి ఇట్లే పెరుగును. ‘చలికాలమే కదా, చెడదు’ అనుకొనుట సరికాదు. బయట చలియైనను మూతపెట్టిన గుండిగ నడుమ గోరువెచ్చగానే ఉండును. వాటికి కావలసినది ఆ గోరువెచ్చదనమే. నిలువయున్న అన్నము పర్యుషితమని, త్యాజ్యమని మన శాస్త్రము చెప్పుటలోని యుక్తి ఇదియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన ఐదు ఆహారరక్షణ సూత్రములలో కూడ వండిన పదార్థమును 60 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో ఉంచవలెనని, గదివేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని ఉన్నది.

ముందుగా చేయదగినవి వేరు. అరిసెలు పాకముతో చేసి, నూనెలో వేగి, తడి తక్కువగా ఉండుటచే మూడునాళ్ల ముందు చేసినను నిలుచును. పెసరపప్పు దోరగా వేయించుట, నువ్వులు వేయించి పొడి కొట్టుట, బియ్యము, పప్పు ఏరుట ముందునాడు పగటివేళనే ముగింపవలెను. కూరలు కడుగుట, తరుగుట రాత్రి పడుకొనుటకు ముందు చేసి తడిబట్ట కప్పి చల్లని చోట ఉంచవచ్చును. వంకాయ మాత్రము అప్పటికప్పుడే తరుగవలెను.

కళాయి లేని ఇత్తడి, రాగి గుండిగలలో చింతపండు పులుసు, మజ్జిగ చేయరాదు. లోహము పులుపులో కరగి వాంతులు కలిగించును. దప్పళమునకు స్టీలు పాత్ర మంచిది; ఇత్తడిదే వాడవలసివచ్చినచో పండుగకు ముందే కళాయి వేయింపవలెను. విరేచనములు, దగ్గు, చేతిపై చీముపుండ్లు ఉన్నవారు ఆనాడు వంటకు, వడ్డనకు దూరముగా ఉండవలెను.

దుంపలకు వేరుగా అడుగులోతు గుంట త్రవ్వి, ఆవుపిడకలు కాల్చి, మంట చల్లారి నిప్పు ఎర్రగా మిగిలిన తరువాత దుంపలు పరచి, పైన బూడిద, నిప్పు కప్పవలెను. ముప్పావుగంటలో పక్వమగును. పుల్ల గ్రుచ్చిన మెత్తగా దిగవలెను. మాడిన తోలు తీసి తినవలెను.

7. కాలము – వేళల పట్టిక

ఈ ప్రణాళికకు మూలసూత్రము ఒక్కటే: తిను వేళను ముందు నిర్ణయించుకొని, అక్కడినుండి వెనుకకు లెక్కించి పొయ్యి వెలిగింపవలెను. జనవరి మధ్యలో మన ప్రాంతమున ఆరు ముప్పావుకు అటుఇటుగా సూర్యోదయమగును. దానినిబట్టి:

రాత్రి 3.30 – గాడిపొయ్యి వెలిగించుట, కషాయమునకు నీరు, చింతపండు నానవేయుట.

4.30 – భోగిమంట వెలిగించుట, వచ్చినవారికి కషాయము.

4.30 – దప్పళము పొయ్యిపై పెట్టుట. పిడకల గుంట రగిలించుట.

5.15 – దుంపలు నిప్పులో పెట్టుట. పొంగలి మొదటి గుండిగ.

5.45 – రెండవ గుండిగ. మంట కాగినవారు నువ్వులనూనె మర్దించుకొని అభ్యంగనస్నానమునకు వెళ్లుట.

6.15 – మొదటి గుండిగ, దప్పళము సిద్ధము, సన్ననిసెగపై ఉంచుట.

6.30 – మొదటి పంక్తి: పసివారు, వృద్ధులు, మధుమేహులు, గర్భిణులు.

7.15 – రెండవ పంక్తి: మిగిలినవారు, వడ్డించినవారు.

8.00 – మజ్జిగ, వడ్డన ముగింపు.

స్నానానంతరము భుజించుట శాస్త్రసమ్మతము. తలంటికి, భోజనమునకు ఈ పట్టికలో తగిన వ్యవధి ఉన్నది. ఎనిమిదిన్నరకు మిగిలిన పొంగలి, దప్పళము వెంటనే పంచివేయవలెను. ‘మధ్యాహ్నమునకు పనికివచ్చును’ అని దాచరాదు. అందుకే కొలత మించి వండరాదని పైన చెప్పితిమి.

8. ఉపయోగసంస్థ – వడ్డన, భోజన నియమములు

వేడిగా, స్నిగ్ధముగా, మితముగా, మునుపటి ఆహారము జీర్ణమైన పిదప, ఇష్టమైన చోట, మిక్కిలి త్వరగాను, మిక్కిలి ఆలస్యముగాను కాక, మనస్సు నిలిపి భుజింపవలెనని చరకుని ఉపదేశము. కడుపును మూడు భాగములుగా భావించి, ఒక భాగము ఘనాహారమునకు, ఒక భాగము ద్రవమునకు విడిచి, మూడవ భాగము దోషముల సంచారమునకు ఖాళీగా ఉంచవలెనని విమానస్థానము రెండవ అధ్యాయమున ఉన్నది. రాత్రి భోజనము ఆలస్యముగా చేసినవారు వేకువ విందుకు అర్హులు కారు. భోగి ముందునాటి రాత్రి తేలికగా, పెందలకడనే భుజింపవలెను.

విస్తరాకులు, బాదమాకు దొన్నెలు కడిగి తుడిచి వాడవలెను. పలుచని ప్లాస్టిక్ కప్పులలో మరుగు కషాయము పోయరాదు. చేతులు కడుగుటకు సబ్బు, పారునీరు పందిరి ముఖద్వారముననే ఉండవలెను. మంటలో పిడకలు వేసిన చేతులతోనే పిల్లలు దుంపలు అందుకొందురు. మంట చుట్టూ పది అడుగుల దూరమున ముగ్గుపిండితో గీత గీసి పిల్లలను దాటనీయరాదు. ఆ వేళ వారికి నైలాను, పట్టు దుస్తులకంటె బిగుతైన నూలు దుస్తులే క్షేమము.

అవసరమునకు గృహచికిత్సలు

అజీర్ణము, కడుపుబ్బరము: వేయించిన జీలకర్రపొడి, శొంఠిపొడి చెరి పావుచెంచా గోరువెచ్చని నీటితో. లేక వాము అరచెంచా నమిలి వేడినీరు త్రాగవలెను. ఈ బాధ తరచుగా కలవారు హింగ్వాష్టక చూర్ణమును నేతితో కలిపి మొదటి ముద్దలో తీసికొనవచ్చును. అందు సైంధవలవణము ఉండుటచే రక్తపోటు కలవారు వైద్యుని అడుగవలెను. ఛాతీలో బరువు, ఎడమచేయి లాగుట, చెమట ఉన్నచో దానిని ‘గ్యాస్’ అనుకొని వాము నములుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేరవలెను.

వాంతులు, విరేచనములు: లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. పలుచని బియ్యపుగంజి, ఉప్పు వేసిన మజ్జిగ మంచివి. రక్తము పడినను, మూత్రము తగ్గినను, బిడ్డ మగతగా ఉన్నను, ఒకేసారి పలువురకు వచ్చినను ఇంటివైద్యముతో ఆగరాదు.

కాలిన గాయము: గాయమును వెంటనే చల్లని పారునీటి క్రింద ఇరువది నిమిషములు ఉంచవలెను. ఉంగరములు, గాజులు వాపు రాకముందే తీయవలెను. నెయ్యి, పసుపు, పండ్లపొడి, ముద్దలు పూయరాదు, మంచుగడ్డ పెట్టరాదు. శుభ్రమైన పొడిబట్ట వదులుగా కప్పవలెను. గాయము అరచేతికంటె పెద్దదైనను, ముఖము, చేతులు, కీళ్లపై ఉన్నను 108కు ఫోను చేయవలెను. ఆనాడు పొయ్యి ప్రక్కన రెండు బిందెల నీరు, రెండు బకెట్ల ఇసుక తప్పక ఉండవలెను.

ముగింపు

భోగిమంటలో పాతసామాను వేసినంత సులభముగా పాత అలవాట్లను వేయలేము. అయినను ‘రాత్రి వండి తెల్లవారి వడ్డించుట’ అను ఒక్క అలవాటును ఈసారి మంటలో వేసినచో, పసివాడు మొదలు తాతగారి వరకు అందరును ఒకే పందిరిలో కూర్చుండి, పొగలు గ్రక్కు పొంగలి నిర్భయముగా తినగలరు. కార్తికమాసపు వనభోజనములకును, తిరునాళ్ల అన్నసంతర్పణలకును ఈ ఎనిమిది సూత్రములే వర్తించును. గృహిణులు ఈ కొలతలను, వేళల పట్టికను ఒక కాగితముపై వ్రాసికొని పండుగకు వారము ముందు ఇరుగుపొరుగువారితో కలిసి చదువుకొనవలెనని మా మనవి.